మొదటి లెక్క వదలని పిల్ల

పోయిన నెల హిందూపురం నుంచి ఒక కుర్ర లెక్చరర్ ఫోన్ చేశాడు. నేను చివరిదాకా పనిచేసిన జూనియర్ కాలేజీలోనే లెక్కలు చెప్పడానికి కొత్తగా చేరాడట. "సార్, ఎంసెట్‌లో పిల్లలకు మాథ్స్ మార్కులు పెరగాలంటే మీరు ఏం చేసేవాళ్లు? టెక్నిక్ ఏమన్నా ఉందా?" అని అడిగాడు. నాకు ఎంత సంతోషమైందంటే, జవాబు చెప్పడం మరిచిపోయి అతని ఊరేదో, ఏ సెక్షనుకు చెబుతున్నాడో, ఆ గదిలో ఫ్యాను ఇప్పటికీ అట్లాగే మోత పెడుతోందో లేదో అడుగుతూ కూర్చున్నాను. పాపం, అతనికి క్లాసు టైమైపోయింది.

అందుకని జవాబు ఇప్పుడు రాస్తున్నాను. ఆ పరీక్షకు పేరు మార్చి కొన్నేళ్లయింది గానీ మా వైపు అందరి నోటా అది ఎంసెట్టే. నేనూ అదే అంటాను. మార్కులు పెంచే చిట్కాలు అమ్మే పుస్తకాలు బజారులో కుప్పలుగా ఉన్నాయి, అవి నా దగ్గర లేవు. నా దగ్గర ఉన్నది ఒక పిల్ల కథ, దానికి ముందు కొంచెం ఉపోద్ఘాతం.

నాది పెనుకొండ. మొదట ధర్మవరంలో, తర్వాత హిందూపురంలో పనిచేశాను. రెండూ ఒకే రైలు మార్గం మీద ఉన్నాయి కాబట్టి ఇల్లు మారలేదు. నా ఉద్యోగమంతా రైలు ఒకసారి ఉత్తరానికి, ఒకసారి దక్షిణానికి మోసింది. ఇప్పటికీ పొద్దున రైలు కూత వినబడితే కాళ్లు చెప్పుల కోసం వెతుకుతాయి. మా ఆవిడ సరోజ చూసి నవ్వుతుంది. "యాడికి పోతావు? ఆడ నీ కుర్చీలో ఇంకొకాయన కూర్చోనుండాడు. కాఫీ తాగు," అంటుంది. ఆమె మాట నిజమే. కాఫీ తాగుతాను. కానీ ఒక్క డౌటు, ఎవరైనా వచ్చి ఒక్క డౌటు అడిగితే బాగుండునని రోజంతా ఉంటుంది. పక్కింటి పిల్లాడు ఇంటర్ చదువుతున్నాడు. లెక్క రాకపోతే ఫోన్‌తో ఫోటో తీస్తాడు, ఫోనే జవాబు చెబుతుంది. గోడ ఇవతల నేనున్నానని వాడికి గుర్తే రాదు.

నారాయణప్ప సారు పెట్టిన పరీక్ష

ధర్మవరంలో నా మొదటి ప్రిన్సిపాల్ నారాయణప్ప సారు. నోరు మంచిది కాదు. సెలవడిగితే సొంత ఆస్తి అడిగినట్టు చూసేవాడు. నేను ఎమ్మెస్సీలో మంచి మార్కులతో పాసై, కాస్త మిడిసిపాటుతోనే వెళ్లి చేరాను. ఆయన నా సర్టిఫికెట్ల వంక ఒకసారి చూసి పక్కన పెట్టాడు.

"మంచిదప్పా. రేపు పిల్లోళ్ల జతకు కూర్చొని పరీక్ష రాయి," అన్నాడు.

ఇదేం పని అనుకుంటూనే చివరి బెంచీలో కూర్చుని రాశాను. పేపర్లో నాకు రాని లెక్క ఒక్కటీ లేదు. కానీ గంట కొట్టేసరికి సగానికి కాస్త ముందుకు వచ్చానంతే. నా పక్కన కూర్చున్న మగ్గాలవాళ్ల అమ్మాయి అప్పటికే ముగించి, పెన్ను మూసి, కిటికీలోంచి బయటికి చూస్తోంది. నారాయణప్ప సారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"లెక్క రావడం వేరే, పరీక్ష రావడం వేరే. నీకు మొదటిది వచ్చు. పిల్లోళ్లకు రెండోది నేర్పిస్తావని నిన్ను పెట్టుకున్యా," అన్నాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, నన్ను తీసెయ్యనూ లేదు. ఆయన దగ్గర నేర్చుకున్నది ఆ ఒక్క మాటే, కానీ దానిమీదే నా అన్నం నడిచింది.

పరీక్ష రావడమంటే వేగం అని చాలాకాలం అనుకున్నాను. తలుపుల అనే ఊరి వైపు నుంచి వచ్చిన రామాంజి అనే కుర్రాడు ఆ అభిప్రాయం కొంచెం కదిలించాడు. వాళ్లది గొర్రెలు కాసే ఇల్లు. అప్పట్లో పరీక్ష కాగితం మీదే, సరైన జవాబుకు ఎదురుగా గుండ్రం దిద్దాలి. తప్పు జవాబుకు మార్కులు కోయరు, కాబట్టి తెలియనివి కూడా ఏదో ఒకటి దిద్దితే పోయేదేమీ లేదు. రామాంజి తెలియనివన్నీ ఖాళీగా వదిలేసేవాడు. ఎన్నిసార్లు చెప్పినా అంతే.

చివరికి కోపమొచ్చి నిలదీస్తే తల వంచుకుని చెప్పాడు. "మంద యాటికి పోయిందని అడిగితే, తెలియకుంటే తెలియదని చెప్పాల సార్. తెలిసినట్టు చెయ్యి చూపిస్తే గొర్రెలు ఒకపక్క, మనుషులు ఒకపక్క. మా నాయన తోలు తీస్తాడు."

"అది మనిషి అడిగినప్పుడప్పా. ఇది కాగితం. దీనికి గొర్రెల్లేవు," అన్నాను.

వాడు నవ్వాడు. ఆ తర్వాత దిద్దాడు. ర్యాంకు బాగానే ముందుకు జరిగింది. లెక్కల్లో పోయే మార్కు ఎప్పుడూ లెక్కల్లోనే పోదని నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. అనుమానమే. దాన్ని గట్టిగా పట్టుకోవడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

వాసవి

నేను పని మానేసే ముందు ఏడాది, హిందూపురం కాలేజీలో, ఒకసారి ఎంసెట్ రాసి ర్యాంకు రానివాళ్లకు మళ్లీ చెప్పే లాంగ్ టర్మ్ బ్యాచ్ నాది. వాసవి అందులో ఉండేది. మార్కెట్ వీధిలో వాళ్లకు అంగడి ఉంది. చింతపండు, బెల్లం, ఎండుమిరపకాయలు, ఇంట్లోకి కావలసిన సరుకులన్నీ అమ్ముతారు. నాయన సంతలు తిరిగి సరుకు తెస్తాడు. అంగడి చూసుకునేది తల్లి లక్ష్మీదేవి, లోపల్నుంచి హుకుం జారీ చేసేది అవ్వ.

ఆ పిల్ల బోర్డు దగ్గరికి వస్తే చూడాలి. నేను ఒక దారిలో చేసిన లెక్కను ఇంకో దారిలో, సగం వరుసల్లో, పెద్దగా రాయకుండానే తేల్చేది. చాక్‌పీస్ నా చేతికి ఇచ్చేటప్పుడు మాత్రం ఏదో తప్పు చేసినదానిలా ముడుచుకుపోయేది. అట్లాంటి విద్యార్థి ఎదురుగా ఉంటే వయసు గుర్తుండదు. పొద్దున రైలెక్కేటప్పుడు, ఈరోజు ఆ పిల్లకు ఏ లెక్క వేద్దామా అని ఆలోచించుకుంటూ పోయేవాణ్ని.

అదే పిల్ల పరీక్ష పెడితే మధ్యరకం మార్కులు తెచ్చేది. మొదటిసారి ఎంసెట్‌లో జరిగింది కూడా అదే. నేను మామూలు లెక్చరర్లందరూ చేసే వైద్యమే చేశాను. ప్రాక్టీసు చాలలేదన్నాను, ఇంకా లెక్కలిచ్చాను. మార్కులు అక్కడే ఉన్నాయి.

ఆమెకు ఈ ఏడాది ఎంత ముఖ్యమో తల్లులూ తండ్రులూ వచ్చే మీటింగులో తెలిసింది. లక్ష్మీదేవి గారు మొహమాటం లేకుండా చెప్పారు.

"అనంతపురంలో గవర్నమెంటు సీటు వస్తే పంపిస్తా సార్. మాటంటే మాటే. రాకుంటే ఈడ్నే బీకాంలో చేరి అంగట్లో కూర్చోవాల. పాపది మంచి చెయ్యి. అది బోణీ చేస్తే పొద్దుగూకులూ బేరాలే. మా అత్తయితే పాప కూర్చోందే తలుపు తియ్యనియ్యదు."

వాసవి పక్కనే నిలబడి నేల చూస్తోంది. తర్వాత వరండాలో నన్ను ఆపింది. "సార్, బీకాం చెడ్డదని కాదు. నాకు లెక్కలు కావాల సార్. అంగట్లో ఉండేది లెక్క కాదు, కూడికలు," అంది. నలభై ఏళ్లకు దగ్గరగా ఈ పని చేసినవాణ్ని, లెక్కలు కావాలని నాతో ఏడుపు గొంతుతో అడిగిన పిల్ల ఆమె ఒక్కతే.

సెక్షన్ మార్చే గొడవ

మా కరస్పాండెంటు, అంటే కాలేజీ యజమాని, చెడ్డవాడేమీ కాదు. కానీ అతనికి పిల్లలు ఫ్లెక్సీ మీద ఫోటోలుగా కనబడతారు. ఫోటో వచ్చేవాళ్లు ఏ సెక్షను, రానివాళ్లు బి సెక్షను. ఒకరోజు మార్కులు ముందు పెట్టుకుని, "సార్, ఈ వాసవిని బి లోకి పంపిద్దాం. సీటు వేస్టవుతాంది," అన్నాడు.

"తెలివైన పిల్లండీ."

"తెలివి కంప్యూటర్లో కనపడాల కద సార్. మీకు ఒక పిల్ల ముఖ్యమా, సెక్షన్ ముఖ్యమా?"

"ఒక పిల్లే," అన్నాను. ఆ వయసులో నన్ను తీసేస్తాడన్న భయం లేదు, అందుకే నోరు లేచింది. అతను వచ్చే మాక్ టెస్ట్ దాకా ఆగుతానన్నాడు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఒక మాట. పిల్లను కింది సెక్షనుకు మారిస్తే కాలేజీకి మారేది హాజరు పట్టీ. పిల్లకు మాత్రం తనమీద తనకున్న అభిప్రాయం మారిపోతుంది. బి సెక్షన్‌కు వెళ్లి, నేను ఇంతేనని నమ్మేసి, నిజంగానే అంతే అయిపోయినవాళ్లను చాలామందిని చూశాను. మీకు చేతనైనంత వరకు అడ్డుపడండి.

ఆ వారం ల్యాబులో చిన్న టెస్ట్ జరుగుతుంటే వాసవి వెనకాల స్టూలు వేసుకుని కూర్చున్నాను. నేను చేయవలసిన పని మొదట్నుంచీ అదే. కంప్యూటర్లో మొదటి ప్రశ్న మాత్రికల మీద వచ్చింది, చాలా పొడుగు లెక్క. ఆమె మొదలుపెట్టింది. ఎక్కడో ఒక గుర్తు తప్పింది, కొట్టేసి మళ్లీ మొదలుపెట్టింది. పక్క పిల్లలు ఎన్నో ప్రశ్నలు దాటిపోయారు. "వదిలేసి పోమ్మా, తర్వాత చూద్దువు," అని గుసగుసగా చెప్పాను. తల అడ్డంగా ఊపింది. చెమటలు పడుతున్నాయి గానీ కదలదు. చివరికి ఆ లెక్క తేల్చింది. ఇక అక్కడి నుంచి ఆ చేయి పరుగెత్తిన తీరు చూసి నాకు మతిపోయింది. కానీ అప్పటికే టైము చేజారిపోయింది, బోలెడన్ని ప్రశ్నలు చూడకుండానే మిగిలిపోయాయి.

బయటికొచ్చాక అడిగాను. "మొదటిది వదిలితే ఇంక చేతులాడవు సార్," అంది.

"ఎందుకు?"

"అట్లే సార్."

అట్లే అంటే ఏమిటో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

పొద్దున్నే అంగడి ఎదురుగా

మర్నాడు ఎందుకో ముందు రైలుకే వెళ్లాను. కాలేజీకి ఇంకా చాలా టైముంది. మార్కెట్ వీధిలో టీ తాగుదామని నిలబడితే ఎదురుగా వాళ్ల అంగడే. అప్పుడే తలుపులు తీసి, నీళ్లు చల్లి, ఊదుబత్తి వెలిగించారు. వాసవి గల్లా దగ్గర కూర్చుంది.

మొదటి బేరం ఒక పెద్దాయన. గింజ తీసిన పాత చింతపండు కావాలన్నాడు. వాళ్ల దగ్గర కొత్తదే ఉంది. ఆయన పోబోయాడు. వాసవి పోనివ్వలేదు. ఈ రకం చూడమంది, ఆ రకం చూడమంది, ధర తగ్గించింది, కొంచెం తెంపి నోట్లో పెట్టుకోమని ఇచ్చింది. ఈలోపల ఇంకో నలుగురు వచ్చి నిలబడ్డారు. ఒకామెకు కావలసింది రెండు కొబ్బరికాయలు, చేతికందే దూరంలోనే ఉన్నాయి. అయినా వాసవి అటు చూడలేదు, ఆమె అడగలేదు. బోణీ కాందే రెండో బేరం ముట్టరని ఆ వీధిలో అందరికీ తెలుసు. అందరూ ఓపిగ్గా నిలబడ్డారు. లోపల్నుంచి అవ్వ గొంతు వినబడుతోంది. "పోనియ్యద్దమ్మీ, ఏమన్నా ఒకటి ఇచ్చి పంపు."

చివరికి ఆ పెద్దాయన ఇంత బెల్లం తీసుకున్నాడు. వాసవి ఆ డబ్బు కళ్లకద్దుకుని గల్లాలో వేసింది. అంతే, ఇక చేతులు ఆగలేదు. ఆ నలుగురినీ చిటికెలో పంపించేసింది.

టీ చల్లారిపోయింది. నేను మాత్రం రోడ్డు మీద నిలబడి ఒంటరిగా నవ్వుకుంటున్నాను. నేను మొండిదనుకున్న పిల్ల మొండిది కాదు. పద్ధతిగా పెరిగిన పిల్ల. ఇంగువ కట్టిన గుడ్డ లాగా అంగడి పద్ధతి ఆమెను వదలలేదు, పరీక్ష దాకా వచ్చేసింది. మొదటి లెక్క ఆమెకు బోణీ బేరం. అది తిరిగిపోతే రోజంతా చెడినట్టే.

ఇదంతా మూఢనమ్మకం, వదిలేయమని చెప్పి ఉంటే తల ఊపేది, పరీక్షలో మళ్లీ అదే చేసేది. ఇంట్లో అవ్వ చెప్పిన మాటను క్లాసులో సారు కొట్టెయ్యలేడు. అందుకని సాయంత్రం కూర్చోబెట్టి వేరే రకంగా అడిగాను.

"మీ అంగడికి పొద్దున్నే ఒకడొచ్చి, బస్టాండుకు దారెటు అని అడిగితే ఏం చేస్తావు?"

"దారి చెప్పి పంపిస్తా సార్."

"వాడు మొదట వచ్చినాడు కదా. బోణీ పోయినట్టేనా?"

"వాడు బేరం కాదు కద సార్. ఊరికే వచ్చినోడు."

"ఎట్ల తెలుస్తుంది?"

"మొగం చూస్తానే తెలిసిపోతాది సార్, కొనేటోడా కాదా అని."

"అయితే లెక్క మొగం కూడా చూడు. కొనేది కాకపోతే దారి చెప్పి పంపించు. మొదట కనబడింది బోణీ కాదు తల్లీ, మొదట తెగింది బోణీ."

పెన్ను మూత తీసింది, పెట్టింది. "అవ్వ ఒప్పుకోదేమో సార్," అంది.

"అవ్వ పరీక్ష రాయడం లేదు కదమ్మా."

అప్పుడు నవ్వింది. మర్నాటి నుంచి ఆమెకు ఒకటే పని ఇచ్చాను. పేపరు తీయగానే ఏదీ చేయకూడదు. కొన్ని ప్రశ్నల మొగాలు చూసుకుంటూ పోవాలి, చూడగానే తేలిపోయేది ఒకటి పట్టుకుని తెంచాలి, ఆ తర్వాతే మిగతావి. బాగా గుంజేది ఏదైనా సరే, దారి చెప్పి పంపాలి, చివర్లో టైముంటే మళ్లీ పిలవాలి. మొదటి రెండు మూడు సార్లు చేయి మళ్లీ మొదటి ప్రశ్నకే పోయింది. ఆ తర్వాత మొదటి జవాబు పెట్టాక వేలు కళ్లకద్దుకోవడం గమనించాను. దాన్ని అట్లాగే ఉండనిచ్చాను. అంగట్లో పెరిగిన కళ్లు కదా, ఏ లెక్క బేరమో ఏది కాదో నాకంటే ముందు కనిపెట్టేది. మాక్ టెస్ట్‌లో సెక్షన్ మొత్తానికి మాథ్స్‌లో ఆమెదే పైచేయి. కరస్పాండెంటు మళ్లీ సెక్షన్ మాట ఎత్తలేదు, ఫోటో ఒకటి తెమ్మన్నాడు.

తెలిసినవి ముందు, కష్టమైనవి తర్వాత, తెలియనివి చివర్లో ఊహించి పెట్టడం. కుర్ర లెక్చరర్ అడిగిన టెక్నిక్ ఇంతే. దీన్ని ప్రతి కాలేజీలోనూ మొదటి రోజే చెబుతారు. పిల్లలు విని, చెయ్యరు. ఎందుకు చెయ్యడం లేదో కనుక్కోవడమే మన పని. దానికి ఒక్కోసారి ముందు రైలుకు పోవాలి.

ఫలితం వచ్చాక

పరీక్ష రోజు సెంటరు బయట నేనూ లక్ష్మీదేవి గారూ ఎండలో నిలబడ్డాం. వాసవి బయటికి వచ్చింది. మొహం చూసి ఏమీ పోల్చుకోలేకపోయాను.

"మొదటిది పారాబోలా సార్. మొగం సరిగ్గా ల్యా. దారి చెప్పి పంపిచ్చినా," అంది.

"మళ్లీ వచ్చిందా?"

"కడాకు వచ్చింది సార్. కొనింది."

వాళ్లమ్మ ఏమీ అర్థం కాక మా ఇద్దరి వంకా చూసింది.

ర్యాంకు వచ్చింది. అనంతపురంలో సీటు వచ్చింది. లక్ష్మీదేవి గారు ఆడిన మాట తప్పలేదు, పిల్లను తనే తీసుకెళ్లి హాస్టల్లో దిగబెట్టి వచ్చారు. వాసవి మొదట్లో రెండుసార్లు ఫోన్ చేసింది. తర్వాత చదువులో పడిపోయింది. అది సహజం. బడిలో చెప్పిన పంతుళ్లకు జీవితాంతం దండాలు అందుతాయి. మేము ఒక్క ఏడాది మనుషులం. పరీక్ష అయిన మర్నాడే గది ఖాళీ. బెంచీల మీద గీసిన గీతలు మాత్రం ఉంటాయి. ఆ ఖాళీ గదిలో కాసేపు కూర్చుని రావడం నాకు ప్రతి ఏటా ఉండిన అలవాటు. ఇప్పుడు ఆ గది కూడా లేదు.

కుర్ర లెక్చరర్ ఫోన్ చేసిన మూడో రోజు, పనేమీ లేకుండానే రైలెక్కి హిందూపురం వెళ్లాను. కాళ్లు కాలేజీ దాకా పోలేదు, మార్కెట్ వీధిలోనే ఆగాయి. లక్ష్మీదేవి గారు ఒక్కరే ఉన్నారు. నన్ను చూసి లేచి స్టూలు వేశారు.

"పాప బాగుందామ్మా?"

"బాగుండాది సార్. ఇప్పుడు థర్డ్ ఇయర్. సెలవులకు గూడా రాల్యా, ఆడేందో ట్రైనింగంట. లెక్కలంటే ఇంగా పిచ్చి ఎక్కువైనాది." ఆమె తక్కెడ తుడవసాగింది. తర్వాత గొంతు తగ్గించింది. "ఒక మాట చెప్తా సార్, తప్పుగా అనుకోవద్దండి. రిజల్ట్ వచ్చే పొద్దు దేవుని ముందర నిలబడి, రాకుంటే బాగుండు అనుకున్యా. సీటు రాకుంటే పాప నా పక్కనే ఉంటాది కదా అని. కన్నతల్లి అనుకునే మాటేనా సార్ ఇది? ఎవురికీ చెప్పల్యా."

ఇన్నేళ్లలో ఎంతమంది పిల్లలకో ర్యాంకు రావాలని కష్టపడ్డాను. ఫలితాలు వచ్చే పొద్దున ప్రతి ఏటా మనసులో ఒక మూల, ఇష్టమైన ఆ ఒక్కరికి రాకపోతే ఇంకో ఏడాది నా ఎదుట కూర్చుంటారు కదా అనిపించేది. ఆ మూల సంగతి సరోజకు కూడా తెలియదు.

"నేనూ అనుకున్నానమ్మా," అన్నాను. "ఇంకో ఏడాది నా క్లాసులో ఉంటుందని."

ఆమె నా వంక చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, నవ్వూ వచ్చింది.

"దేవుడు మన ఇద్దరి మాటా వినల్యా సార్," అంది. "మంచోడు."